పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్: మనం నేర్పుతున్నది ఏ ఇంగ్లీషు?

గత ఏడాది ఒక మండల కేంద్రంలో స్వచ్ఛంద సంస్థల క్షేత్ర కార్యకర్తలకు మూడు రోజుల ఇంగ్లీషు శిక్షణ జరిగింది. పరిశీలకురాలిగా నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి బోర్డు మీద పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ రాసి ఉన్నాయి. ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు, చాలామంది ముప్ఫై దాటినవాళ్ళే, తల వంచుకుని నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. మధ్యాహ్నం ‘టెక్స్ట్ టైప్స్’ అని ఇంకో తరగతి. కథనం, వర్ణన, వివరణ, ఒప్పించే రచన అని నాలుగు గళ్ళు గీసి ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ చెప్పారు. వర్ణనకు ఉదాహరణ కొండల మీద సూర్యోదయం. ఒప్పించే రచనకు ఉదాహరణ సబ్బు ప్రకటన. సాయంత్రం నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉపన్యాసం మానేసి, రేపు వచ్చేటప్పుడు మీ ట్రంకుపెట్టెలోనో బీరువాలోనో ఉన్న ఇంగ్లీషు కాగితం ఏదైనా సరే ఒకటి తీసుకురండి అన్నాను.

మర్నాడు బల్ల నిండిపోయింది. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలు, ఇన్సూరెన్సు బాండ్లు, పొదుపు సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చిన అప్పు కాగితాలు, పిల్లల బడి నోటీసులు. వాటి మధ్య ఒకామె ప్లాస్టిక్ కవరులోంచి తీసిన నాలుగు పేజీల జిరాక్సు ఒకటి. అది పరస్పర అంగీకారంతో విడాకులు కోరుతూ వేసిన పిటిషను. ఆమె రెండో పిటిషనరు. పదో తరగతి పాసయింది. కూడబలుక్కుని చదువుతూ మూడో పేజీలో ఒకచోట ఆగి నవ్వింది. “ఈ మూడు నాకు వస్తయి మేడం. పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్. మా సారు టెన్సులు కొట్టి కొట్టి నేర్పిండు.” ఆ మూడింటి తర్వాత ఉన్న మాట మెయింటెనెన్స్. దానికీ ఆమెకు అర్థం తెలుసు. “అపార్టుమెంట్ల లిఫ్టుకు, నీళ్ళకు కట్టేది కదా?” వాళ్ళ చెల్లెలు హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ భార్య.

ఆ వాక్యం చెప్పేది ఇది: రెండో పిటిషనరు గతానికీ, వర్తమానానికీ, భవిష్యత్తుకూ సంబంధించిన మనోవర్తిని పూర్తిగా వదులుకున్నది. నాలుగో పేజీ చివర ఇంకో వాక్యం ఉంది. పై విషయాలన్నీ నాకు తెలుగులో చదివి వినిపించి వివరించగా, అర్థం చేసుకుని, నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను, అని. ఆ మాట కూడా ఇంగ్లీషులోనే ఉంది! దాని కింద ఆమె సంతకం తెలుగులో ఉంది. ఎవరు చదివి వినిపించారని అడిగాను. “ఎవ్వలు చెప్పలే. పెన్సిలుతోని ఇంటు గుర్తులు పెట్టిన కాడ సంతకం చెయ్యమన్నరు.”

ఇట్లాంటి వదులుకోలు చట్టం ముందు నిలుస్తుందా అన్నది వేరే చర్చ. న్యాయస్థానాలు అన్ని సందర్భాల్లోనూ దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఆ సంగతి తేలేలోపు ఆమె ఎన్ని వాయిదాలు తిరగాలి? బిడ్డల ఫీజులు ఎవరు కట్టాలి? నన్ను ఆ రోజు కుదిపేసింది మాత్రం ఇంకొకటి. ఆమె ఇంగ్లీషు రాని మనిషి కాదు. పన్నెండు టెన్సులకూ పేర్లు చెప్పగలదు. ‘హాజ్ బీన్ గోయింగ్’ ఏ టెన్సో టక్కున చెప్పింది. మనం నేర్పాల్సిన ఇంగ్లీషంతా ఆమెకు మనం నేర్పేశాం. కాలాల పేర్లు నేర్పి, ఆమె కాలం మొత్తాన్నీ ఎవరికో రాసిచ్చే వాక్యాన్ని గుర్తుపట్టడం నేర్పలేదు.

ఇంగ్లీషు గురించి మాట్లాడగానే మన దగ్గర రెండు గుంపులు లేస్తాయి. మాతృభాష చచ్చిపోతోందని కన్నీళ్ళు పెట్టుకునే పెద్దలు ఒక పక్క. వీళ్ళ మనవలు ఏ మీడియంలో చదువుతున్నారో అడిగితే సభా మర్యాద కాదంటారు. ఇంగ్లీషు మీడియం బోర్డు తగిలిస్తే చాలు పేదపిల్లలు గట్టెక్కుతారనే ప్రభుత్వాలు ఇంకో పక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చే ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి తన బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. ఈ గొడవలో నేను మొదటి గుంపు పక్కన నిలబడను. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చువేసిన కవితల పుస్తకంలోనే ఇంగ్లీషును తల్లి అని పిలిచింది. సంస్కృతం ఎవరికి అందిందో, ఎవరి చెవులకు దాన్ని నిషేధించారో తెలిసిన మనిషి ఆ మాట అన్నదంటే దానికి కారణముంది. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా అనే ఊళ్ళో దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి కట్టడానికి పునాది వేశారు. మనలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళంతా ఇంగ్లీషు వచ్చినవాళ్ళే.

కాబట్టి ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఆడవాళ్ళకు, అందులోనూ కింది కులాల ఆడవాళ్ళకు, ముక్కలు చేసి పంచుతున్న ఈ ఇంగ్లీషు గురించే నా తగాదా.

మనం బడిలో నేర్చుకున్న మొట్టమొదటి ఇంగ్లీషు రచన ఏది? సెలవు చీటీ. దయచేసి మన్నించండి, తమ విధేయ విద్యార్థిని. తర్వాతది డబ్బు పంపమని నాన్నగారికి ఉత్తరం. ఆ తర్వాత అక్క పెళ్ళికి స్నేహితురాలిని పిలుస్తూ ఇంకొకటి. వేడుకోవడం, అడుక్కోవడం, పిలవడం, ఈ మూడు రకాల రచనలతో మన చదువు ముగిసేది. 2011 తర్వాత వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాల్లో డైరీ, సంభాషణ, వార్తా నివేదిక, ఉపన్యాసం లాంటివి ‘డిస్కోర్సులు’ అన్న పేరుతో చేరాయి. అది మంచి మార్పే. అయితే వాటిని కూడా గైడులు మార్కుల మూసలుగా మార్చేశాయి. ఒప్పంద పత్రాన్ని, అఫిడవిట్‌ను, కోర్టు నోటీసును, పోలీసు ఫిర్యాదును చదివించిన బడి నా పరిశోధనలో నాకింతవరకూ తగల్లేదు. జీవితంలో మన మెడకు చుట్టుకునే రచనా ప్రక్రియలు మాత్రం అవే. ఇక పట్నాల్లో గల్లీకొకటి వెలిసిన స్పోకెన్ ఇంగ్లీషు కోర్సుల్లో నేర్పేది, నేను మీకు ఏ విధంగా సహాయపడగలను అని నవ్వుతూ అడగడం. ఉద్యోగానికి అది అవసరమే, కాదనను. కానీ మాట్లాడడానికి అంత డబ్బు ధారపోసే చోట చదవడానికి ఒక్క గంట కేటాయించరెందుకు? మాట్లాడే ఆడపిల్ల కౌంటరు దగ్గర పనికొస్తుంది. చదివే ఆడపిల్ల ఆ కౌంటరు వెనక తను చేసిన సంతకం గురించి అడుగుతుంది.

వ్యాకరణం పేర్లు నేర్పడం అనవసరమని మన ప్రగతిశీల మిత్రులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ పేర్లు పదునైన పనిముట్లు. వాటిని మొండి చేసి మన చేతికిచ్చారు, అంతే.

వాయిస్ సంగతే తీసుకోండి. యాక్టివ్‌లో ఉన్న వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చండి, అయిదు మార్కులు. రాముడు రావణుని చంపెను. రావణుడు రాముని చేత చంపబడెను. అర్థం ఒకటేనట, రూపం మాత్రమే మారిందట. ఇంతకంటే పెద్ద అబద్ధం వ్యాకరణ పుస్తకంలో లేదు. గృహహింస బాధితుల కోసం మన సంస్థలు నడిపే కేంద్రాల్లో ఇంగ్లీషులో రాసిన కేసు రిపోర్టులు నేను వరసపెట్టి చదివాను. పదిహేనో ఏట ఆమెకు వివాహం చేయబడింది, ఆమె వేధింపులకు గురిచేయబడింది, ఆమె విడిచిపెట్టబడింది. ఇదే ఆ ఇంగ్లీషు. అవే కేసుల్లో ఆ ఆడవాళ్ళు తెలుగులో చెప్పింది కార్యకర్తల నోటుపుస్తకాల్లో ఉంది: మా అయ్య పదిహేనేండ్లకే పెండ్లి చేసిండు, మా అత్త తిండి పెట్టలే, వాడు ఇంకొకదాన్ని తెచ్చుకుని నన్ను ఎల్లగొట్టిండు. ఒక్కో వాక్యంలో ఒక్కో నేరస్థుడు నిలబడి ఉన్నాడు. మన ఇంగ్లీషు వాళ్ళందరినీ విడుదల చేసింది. పాసివ్ వాయిస్‌లో ‘బై’ తర్వాతి భాగాన్ని వదిలేసినా వాక్యం తప్పు కాదని మనకు బడిలో నేర్పారు గదా!

తెలుగు మాత్రం పత్తిత్తు అని నేను చెప్పబోవడం లేదు. మన భాషకు ‘బడు’ అక్కర్లేదు, వేరే దారులున్నాయి. చీర అంటుకుంది, స్టవ్ పేలింది, కాలిపోయింది. ఎనభైలలో వరకట్న హత్యల మీద పనిచేసినవాళ్ళు ఈ వాక్యాలు పంచనామాల్లో ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆ తప్పించుకునే దారి వ్యాకరణ సూత్రమై, గౌరవప్రదమైన శైలి అయి కూర్చుంటుంది.

ఇక సహాయక క్రియలు. ‘షల్’, ‘మే’ల తేడా ఏమిటని ఆ శిక్షణలో అడిగాను. మొదటిది భవిష్యత్తుకు, రెండోది అనుమతికి అని ఒక అమ్మాయి చెప్పింది. బడి జవాబు అదే. చట్టంలో మాత్రం మొదటిది ఆజ్ఞ, రెండోది మామూలుగా అధికారి విచక్షణ. 2005 గృహహింస చట్టంలో 12వ సెక్షను తీసి బోర్డు మీద రాశాను. మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజులు దాటకుండా మేజిస్ట్రేటు వేయాలి. ఇది ‘షల్’. దాని కిందే, మొదటి విచారణ నుంచి అరవై రోజుల్లో ఆ దరఖాస్తును తేల్చడానికి మేజిస్ట్రేటు ‘ప్రయత్నించాలి’. ఇదీ ‘షల్’తోనే మొదలవుతుంది, కానీ పక్కన ‘ఎండెవర్’ అని ఒక క్రియ వచ్చి కూర్చుంది. తేల్చాలి అనలేదు, తేల్చడానికి ప్రయత్నించాలి అన్నారు. ఆ ఒక్క క్రియ ఎంతమంది ఆడవాళ్ళ ఏళ్ళను మింగిందో కోర్టు వరండాల్లో కూర్చున్నవాళ్ళకు తెలుసు. ఇక 18వ సెక్షనులో రక్షణ ఉత్తర్వు ఇవ్వడం ‘మే’. ఈ మూడు క్రియలు గంటన్నరలో వాళ్ళకు అర్థమయ్యాయి. ఆ గంటన్నరా ఎవరూ గడియారం చూడలేదు.

పదసంపద అంటే వ్యతిరేక పదాలు, పర్యాయపదాల జాబితాలు కదా మన పుస్తకాల్లో. 1860 నాటి శిక్షాస్మృతి 354వ సెక్షనులో ఆడదాని ‘మోడెస్టీ’ని భంగపరచడం నేరం. మోడెస్టీ అంటే ఏమిటో ఆ చట్టం ఎక్కడా నిర్వచించలేదు. నిఘంటువు చూస్తే అణకువ, సిగ్గు, నమ్రత అని ఉంటుంది. అణకువ లేని ఆడదాని మీద చెయ్యి వేస్తే? తెలుగులో దాన్ని మానభంగం అందామంటే, పత్రికలు ఆ మాటను అత్యాచారానికి వాడేశాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షనులో కూడా ఆ మోడెస్టీ అట్లాగే ఉంది. పేరు సంస్కృతంలోకి మారింది గానీ మాట విక్టోరియా రాణి కాలంలోనే ఉండిపోయింది. ‘ఈవ్ టీజింగ్’ అని మనవాళ్ళే తయారుచేసుకున్న ఇంగ్లీషు ఒకటి ఉంది, వేధింపును ఆటపట్టించడంగా మార్చే మాట. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం అట్లాంటి మాటలు వాడొద్దని చెప్పింది. స్త్రీలు నలభై ఏళ్ళుగా అరుస్తున్న సంగతి కోర్టు చెవికి చేరింది, సంతోషం. ఆ చేతిపుస్తకంలోని పదాల పట్టికను పదో తరగతి ఆడపిల్లలకు వొకాబ్యులరీ పాఠంగా పెట్టడానికి అడ్డేమిటి?

జెండర్ అనేది మన ఉద్యమాల్లోకి రాకముందు వ్యాకరణం మాట. మాస్క్యులిన్‌కు ఫెమినిన్ రాయండి అంటే మాస్టర్‌కు మిస్ట్రెస్, బ్యాచిలర్‌కు స్పిన్‌స్టర్ అని బట్టీపట్టాం. మగమాట యజమాని దగ్గరే ఉంటే ఆడమాట ఉంపుడుగత్తె దాకా ఎట్లా జారిందో, పెళ్ళికాని మగవాడి మాటలో ఉన్న హుషారు పెళ్ళికాని ఆడదాని మాటలో ఎందుకు లేదో ఏ టీచరూ చెప్పలేదు. 1897 జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం పుంలింగంలో చెప్పినవన్నీ స్త్రీలకూ వర్తిస్తాయి. ‘హీ’ అంటే మనమూ ఉన్నామన్నమాట. కొత్త న్యాయ సంహిత ఆ ‘హీ’లోనే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడా కలిపేసుకుంది. ఇంట్లో చోటివ్వడం బాగుంది, గుమ్మం మీద పేరు మాత్రం ఆయనదే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. తెలుగులో ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘బర్రె వచ్చింది’, ‘బండి వచ్చింది’. మన వ్యాకరణవేత్తలు మగవాళ్ళకు మహత్తులని పేరు పెట్టి, ఒంటరి ఆడదాని క్రియను బర్రెతో, బండితో కలిపి కట్టేశారు. అదే నలుగురు ఆడవాళ్ళు కలిసి వస్తే ‘వచ్చారు’, మగవాళ్ళతో సమానంగా. ఇది నేను కల్పించింది కాదు, రోజూ మనం మాట్లాడే భాషే. శిక్షణలో ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో లేచిన నవ్వు చాలాసేపు ఆగలేదు. ఇంగ్లీషు వ్యాకరణం పేర్లు తెలియడం వల్ల మన భాషను కూడా బయటినుంచి చూసే వీలు దొరుకుతుంది. వాటిని వదిలెయ్యొద్దని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

అక్షరంతో ఏం జరగగలదో మన దగ్గరే ఉదాహరణ ఉంది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాడిన వాచకాల్లో ‘సీతమ్మ కథ’ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళిన సంగతి ఇంకో పాఠమైంది. ఆ పాఠం చదివినవాళ్ళు మరో ఊళ్ళో దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం సూర్యోదయాన్ని వర్ణించి ఊరుకుని ఉంటే అది జరిగేదా?

ఇక చదవడం రానివాళ్ళ విషయంలో కాగితం ఏం చేస్తుందో కూడా మనం చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాలు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశాక ప్రభుత్వం వేసిన విచారణ సంఘం అంగీకార పత్రాలు తిరగేస్తే, 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టలు వార్డెన్లవి. ‘ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్’ అంటే తెలిసి ఇచ్చే అంగీకారం. తెలియాల్సింది ఒకరికి, అంగీకరించింది మరొకరు. టీకా మంచిదా చెడ్డదా అన్నది నేనిక్కడ మాట్లాడడం లేదు. అంగీకార పత్రం కూడా ఒక టెక్స్ట్ టైప్. దాన్ని చదవడమన్నా, చదివి వినిపించమని అడగడమన్నా ఒక హక్కు.

ఆ హక్కు చట్టంలో లేకపోలేదు. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకున్నాక చెప్పినామెకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత 154వ సెక్షనులో అది ఉంది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 173లోనూ ఉంది. పని స్థలాల్లో లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదు రాయలేని స్త్రీకి రాయడంలో సాయం చేయడం కమిటీ బాధ్యత. ఇవి మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు?

తెలియకపోవడంలో మన పాత్ర కూడా ఉంది. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది సంస్థల్లో ఉన్నవాళ్ళే కనుక ఇది చెప్పక తప్పదు. మనం విదేశీ నిధుల కోసం రాసే ప్రతిపాదనలు, వార్షిక నివేదికలు, ‘సక్సెస్ స్టోరీలు’ ఏ భాషలో ఉన్నాయి? వాటిలో వాయిస్ ఎవరిది? ఆమె కొట్టబడింది, ఆమె వెలివేయబడింది అని మొదటి పేరా. రెండో పేరాలో సంస్థ జోక్యం చేసుకుంది, సంస్థ కౌన్సెలింగ్ ఇచ్చింది, సంస్థ సాధికారత కల్పించింది. అంటే యాక్టివ్ వాయిస్ మనకు కొట్టినపిండే. దాన్ని మన కోసం దాచుకున్నాం. ఊళ్ళు తిరిగే కార్యకర్త ఇరవై ఏళ్ళయినా కార్యకర్తగానే ఉంటుంది. ఇంగ్లీషులో రిపోర్టు రాయగల అమ్మాయి రెండేళ్ళలో కోఆర్డినేటరవుతుంది. ఆ అమ్మాయి తరచుగా ఏ కులం నుంచి, ఏ బడి నుంచి వస్తుందో మనకు తెలుసు. నేనూ అక్కడినుంచే వచ్చాను. నా డాక్టరేటు ఇంగ్లీషులో రాశాను. నాతో మాట్లాడిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా దాన్ని చదవలేదు. వాళ్ళకు చదివి వినిపించాలన్న ఆలోచన నాకు పదేళ్ళ దాకా రాలేదు.

ఆ శిక్షణ అయ్యాక నిర్వాహకులకు ఒక సూచన చేశాను. మీ వార్షిక నివేదికలో ఈ కార్యకర్తల గురించీ, వాళ్ళు పనిచేసే ఊళ్ళ గురించీ రాసిన అధ్యాయాన్ని తర్వాతి తరగతిలో పాఠంగా పెట్టండి. నౌన్‌లు, వెర్బులు అందులోనే వెతకనివ్వండి, కర్త ఎక్కడున్నాడో గీతలు గీయనివ్వండి అన్నాను. అది దాతల కోసం రాసింది మేడం, వీళ్ళకు అందదు అన్నారు. మూడుసార్లు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఆ ప్లాస్టిక్ కవరు ఆమె జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళింది. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంటుందని 1987 చట్టం చెబుతోంది. కొత్త వకీలు మనోవర్తి కోసం అఫిడవిట్ తయారుచేసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చాడు. ఆమె చివరి పేజీ తిప్పి ‘తెలుగులో చదివి వినిపించగా’ అన్న ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి, ముందు ఇది చెయ్యండి సారూ అన్నదట. టైము లేదన్నాడు. కూర్చుంట అన్నది. అయిదు పేజీలకు నలభై నిమిషాలు పట్టిందని ఫోనులో చెప్పింది. పెళ్ళి తేదీ తప్పుగా ఉందట, అది దిద్దించుకుందట.